పాత మియాటాలో సెన్సార్లు, హెడ్‌లైట్లు: పార్టు కొనేముందు మీటరు పెట్టండి

మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 బండి 1989 నుంచి 1997 దాకా తయారైంది. అమెరికాలో దీన్ని మియాటా అంటారు, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ అన్నారు. ఒక ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు, దానికి కబురు చెప్పే నాలుగైదు సెన్సార్లు, పైకి లేచే రెండు హెడ్‌లైట్లు. ఎలక్ట్రానిక్స్ అంటే దాదాపు ఇంతే. అందుకే ఇంట్లో మల్టీమీటరు ఉన్నవాళ్ళెవరైనా దీని జబ్బు పట్టుకోగలరు. కింద చెప్పిన కొలతలు, కోడ్‌లు ప్రధానంగా 1.6 లీటర్ల ఇంజిన్‌వి. పద్ధతి మాత్రం అదే కాలపు మిగతా జపాన్ స్పోర్ట్స్ కార్లకీ పనికొస్తుంది.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. ఇంత వయసున్న బండిలో "సెన్సార్ పోయింది" అని తేల్చిన చాలా కేసుల్లో పోయేది సెన్సార్ కాదు. దానికి అందాల్సిన కరెంటు, దాని ఎర్త్, దాని కప్లర్ (వైర్లని కలిపే ప్లగ్గు), ఈ మూడింట్లో ఏదో ఒకటి. హెడ్‌లైట్ మసగ్గా ఉందంటే బల్బుదీ అదే కథ. దిగుమతి బండికి పార్టు తెప్పించుకోవడానికి వారాలు పడుతుంది. వచ్చిన పార్టు బిగించాక కూడా జబ్బు అలాగే ఉంటే, డబ్బు పోవడమే కాదు, అనుమానం కొత్త పార్టు మీదికి కూడా పాకుతుంది. కాబట్టి కొలతే ముందు, కొనుగోలు తర్వాత.

దగ్గర ఉండాల్సినవి

10 మెగా ఓమ్స్ ఇన్‌పుట్ ఉన్న డిజిటల్ మల్టీమీటరు తప్పనిసరి. ఈ రోజుల్లో దొరికే డిజిటల్ మీటర్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు హెడ్‌లైట్లకీ హారన్‌కీ బాగా పనికొస్తుంది, కానీ దాన్ని సెన్సార్ వైర్ల మీద ఎప్పుడూ పెట్టకండి. లోపలి బల్బు లాగే కరెంటుకి ఈసీయూ సర్క్యూట్ తట్టుకోలేకపోవచ్చు. కప్లర్ వెనకనుంచి వైరు పక్కగా దూర్చడానికి సన్నని పిన్నులు రెండు, ఒక చిన్న జంపర్ వైరు, కాంటాక్ట్ క్లీనర్, డైఎలక్ట్రిక్ గ్రీజు, ఎమెరి పేపరు, 10, 12, 22 మిల్లీమీటర్ల స్పానర్లు తీసిపెట్టుకోండి. వీటన్నిటికన్నా ముఖ్యం మీ బండి సంవత్సరానికీ, అది అమ్ముడైన దేశానికీ సరిపోయే వర్క్‌షాప్ మాన్యువల్. జపాన్‌లో అమ్మిన బండికీ అమెరికాలో అమ్మిన బండికీ వైరింగ్ అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

రెండు జాగ్రత్తలు. ఎయిర్‌బ్యాగ్ కప్లర్లు ఏవో మాన్యువల్‌లో చూసి గుర్తుపట్టండి, వాటిలో మీటరు పిన్ను పెట్టకండి. హెడ్‌లైట్ల దగ్గర చెయ్యి పెట్టేముందు రిట్రాక్టర్ ఫ్యూజు, అంటే వాటిని లేపి దించే మోటారు ఫ్యూజు, తీసెయ్యండి. ఆ మోటారుకి వేళ్ళు నలిపేసేంత బలం ఉంది.

బ్యాటరీ, ఎర్త్: అన్నిటికన్నా ముందు

ఈ బండిలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. ఇంజిన్‌కి కావాల్సిన కరెంటు పొడవాటి కేబుల్ మీద ముందుకి వస్తుంది, తిరుగు దారి మొత్తం బాడీ రేకు మీదుగా వెళ్తుంది. అంటే మధ్యలో ఉన్న ప్రతి బోల్టూ, ప్రతి ఎర్త్ స్ట్రాపూ లెక్కలోకి వస్తుంది.

1. బండి ఆపి గంటైనా అయ్యాక బ్యాటరీ మీద కొలవండి. 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 కంటే తక్కువుంటే పూర్తిగా ఛార్జి చేసేదాకా మిగతా పరీక్షలకి అర్థం లేదు.

2. ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్ళీ కొలవండి. 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. లైట్లు, బ్లోయర్ వేసినా 13.5 కిందికి జారకూడదు.

3. ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి, మీటరు ఒక వైరు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది పొడవాటి వైరుతో ఇంజిన్ లోహం మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు వస్తే ఎర్త్ బాగుంది. 0.2 దాటితే దారిలో ఎక్కడో తుప్పు పట్టింది.

4. ఒక్కో చోట మీటరు జరుపుతూ రండి: బ్యాటరీ పోస్టు నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కి. అంకె ఎక్కడ గెంతుతుందో జబ్బు అక్కడే.

ఆ బోల్టు విప్పి, కింది రేకూ వైరు చివరి రింగూ మెరిసేదాకా ఎమెరి పేపరుతో రుద్ది, గట్టిగా బిగించాకే పైన గ్రీజు రాయండి. ఓమ్స్ స్కేలు మీద పెట్టి "ఎర్త్ బాగానే చూపిస్తోంది" అని వదిలెయ్యడం చాలామంది చేసే పని. ఒక్క తీగ పోగు మిగిలి ఉన్నా ఓమ్స్ మీటరుకి సున్నా కనబడుతుంది. కరెంటు పారుతున్నప్పుడు పడిపోయే వోల్టేజీ మాత్రం దాగదు.

కోడ్ చదవడం

ఈసీయూ నమోదు చేసుకున్న లోపాల కోడ్‌లని స్కానర్‌తో చదివే ఉమ్మడి పద్ధతి ఓబీడీ-2. అమెరికాలో అది తప్పనిసరి అయింది 1996 మోడల్ నుంచి. అంతకుముందు బండ్లలో చాలావాటికి ఆ స్కానర్ పెట్టే సాకెట్టే ఉండదు, ఎవరి పద్ధతి వాళ్ళది. ఈ బండిలో బానెట్ కింద, మూత మీద డయాగ్నోసిస్ అని రాసిన చిన్న పెట్టె ఉంటుంది. మూత లోపలివైపు టెర్మినళ్ళ పేర్లు అచ్చువేసి ఉంటాయి.

ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండగా టీఈఎన్ అన్న టెర్మినల్‌నీ జీఎన్‌డీ (ఎర్త్) అన్న టెర్మినల్‌నీ జంపర్ వైరుతో కలపండి. తాళం ఆన్ చెయ్యండి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకండి. డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు మెరవడం మొదలవుతుంది. పొడుగు మెరుపులు పదులు, పొట్టివి ఒకట్లు: ఒక పొడుగు, రెండు పొట్టి అంటే 12. అమెరికా బయట అమ్మిన చాలా బండ్లకి చెక్ ఇంజిన్ లైటే లేదు. వాటికి ఒక ఎల్‌ఈడీకి 1 కిలో ఓమ్ రెసిస్టర్ కట్టి, ప్లస్ కాలు అదే పెట్టెలో ప్లస్-బి టెర్మినల్ మీద, రెండో కాలు ఎఫ్‌ఈఎన్ మీద పెడితే అదే మెరుపులు కనిపిస్తాయి.

ఎక్కువగా కనబడేవి ఇవి. 02, 03 కామ్ యాంగిల్ సెన్సార్ పంపే రెండు సిగ్నళ్ళు. 08 ఎయిర్‌ఫ్లో మీటరు. 09 కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సార్. 10 లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రత. 14 వాతావరణ పీడనం సెన్సార్. 15, 17 ఆక్సిజన్ సెన్సార్. 34 ఐడ్లింగ్ నియంత్రించే వాల్వు.

కోడ్ చెప్పేది ఒక సర్క్యూట్ పేరు, అంతవరకే. 09 వచ్చిందంటే ఆ వైరు మీద ఈసీయూ ఊహించని వోల్టేజీ కనబడిందని అర్థం. సెన్సార్ పోయినా అదే కోడ్, కప్లర్ ఊడినా అదే కోడ్, ఎలుక వైరు కొరికినా అదే కోడ్. 15 అయితే మరీ మోసం: సైలెన్సర్ మానిఫోల్డుకి పగులొచ్చి గాలి దూరినా అది వస్తుంది.

కోడ్ రాసుకున్నాక తుడిచెయ్యండి. బ్యాటరీ నెగటివ్ తీసి, బ్రేకు పెడల్ 20 సెకన్లు తొక్కి పట్టుకుని, మళ్ళీ తగిలించండి. బండి వేడెక్కేదాకా నడిపి మళ్ళీ చదవండి. తిరిగొచ్చిన కోడే ఇప్పటి జబ్బు. తిరిగి రానిది ఎప్పుడో ఎవరో కప్లర్ తీసినప్పుడు నమోదైనది కావచ్చు.

కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సార్

దీంతోనే మొదలుపెట్టమని సలహా, ఎందుకంటే పరీక్ష తేలిక, ప్రభావం పెద్దది. పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం, వేడెక్కాక నల్ల పొగ, పెట్రోలు వాసన, మైలేజీ సగానికి పడిపోవడం, అన్నీ దీని లక్షణాలే. ఇంజిన్ చల్లగా ఉందని ఈసీయూని నమ్మిస్తే అది పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఇంజిన్ మీద ఉష్ణోగ్రత చూసేవి రెండుంటాయి. ఒకే వైరున్నది డాష్‌బోర్డు ముల్లుకి. రెండు వైర్లున్నది ఈసీయూకి. ముల్లు సరిగ్గా చూపిస్తోంది కాబట్టి సెన్సార్ బాగుందనుకుంటే తప్పు, ఎందుకంటే ముల్లు చూపించేది రెండోదాన్ని కాదు.

కప్లర్ తీసి సెన్సార్ రెండు కాళ్ళ మధ్య ఓమ్స్ కొలవండి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2.2 నుంచి 2.7 కిలో ఓమ్స్, 80 డిగ్రీల దగ్గర 290 నుంచి 350 ఓమ్స్ రావాలి. వేడెక్కేకొద్దీ అంకె మెట్లు లేకుండా దిగాలి. మధ్యలో గెంతితే సెన్సార్ పోయినట్టే. ఆ కాలపు జపాన్ కార్లలో చాలావాటి సెన్సార్లు ఈ అంకెలకి దగ్గరగానే ఉంటాయి.

సెన్సార్ సరిగ్గా ఉంటే వైరు చూడండి. తాళం ఆన్ చేసి, తీసిన కప్లర్ రెండు రంధ్రాల మధ్య వోల్టేజీ కొలిస్తే 5 వోల్టుల దగ్గర రావాలి. రాకపోతే ఒక కాలు బాడీ ఎర్త్ మీద పెట్టి మళ్ళీ కొలవండి. అప్పుడు వచ్చిందంటే తెగింది ఎర్త్ వైరు. అప్పటికీ రాలేదంటే సిగ్నల్ వైరే.

ఎయిర్‌ఫ్లో మీటరు

ఇంజిన్ లోపలికి వెళ్ళే గాలిని కొలిచేది ఇది. 1.6 ఇంజిన్‌లో ఉన్నది రెక్క తలుపు రకం. గాలి తోసినకొద్దీ తలుపు తెరుచుకుంటుంది, దానికి కట్టిన కాంటాక్టు ఒక కార్బన్ పట్టీ మీద జరుగుతుంది. 1.8 బండ్లలో దీని బదులు హాట్ వైర్ రకం వచ్చింది, దాన్ని దానికోసమే చేసిన క్లీనర్ స్ప్రేతో తప్ప దేంతోనూ తుడవకండి.

రెక్క తలుపు మీటరులో ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటుంది: పెట్రోలు పంపు స్విచ్చి దీని లోపలే ఉంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పంపుకి కరెంటు వేరే దారిలో వస్తుంది. తాళం వదలగానే ఆ దారి మూసుకుంటుంది, అప్పట్నుంచి తలుపు తెరుచుకుని ఉంటేనే పంపు నడుస్తుంది. కాబట్టి సెల్ఫ్ కొట్టినంతసేపూ అందుకుని, తాళం వదలగానే ఆగిపోయే బండికి ముందు చూడాల్సింది ఇదే.

పరీక్ష చిన్నది. డయాగ్నోసిస్ పెట్టెలో ఎఫ్/పి టెర్మినల్‌నీ జీఎన్‌డీనీ కలిపి తాళం ఆన్ చేస్తే పంపు తనంతట తనే నడవాలి. జంపర్‌తో బండి ఆగకుండా నడిచి, జంపర్ తీస్తే ఆగిపోతే, పంపూ రిలే బాగున్నట్టే. లోపం ఎయిర్‌ఫ్లో మీటరు స్విచ్చిలోనో, దానికీ థ్రాటిల్‌కీ మధ్య గొట్టంలోనో. ఆ జంపర్‌తో మాత్రం రోడ్డెక్కకండి. ప్రమాదం జరిగి ఇంజిన్ ఆగినా పంపు పెట్రోలు తోస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఎయిర్‌ఫ్లో మీటరు కప్లర్ తీసి, దాని కాళ్ళ మధ్య మల్టీమీటరుతో ఓమ్స్ కొలవండి. ఎఫ్‌సీ, ఈ1 కాళ్ళ మధ్య: తలుపు మూసి ఉంటే తెగినట్టు, వేలితో కాస్త తోస్తే సున్నా ఓమ్స్. తర్వాత ఈ2, వీఎస్ కాళ్ళ మధ్య మీటరు పెట్టి తలుపు మెల్లగా చివరిదాకా తొయ్యండి. అంకెలు పెరుగుతూ తరుగుతూ పోవచ్చు, అది సహజమే. ఎక్కడా తెగిపోకూడదు, ఒక్క క్షణమైనా సరే. తెగిన చోట కార్బన్ పట్టీ అరిగింది, రోడ్డు మీద ఆ స్పీడు దగ్గరే బండి కుదుపుతుంది. తలుపు వదిలితే రాసుకోకుండా తనంతట తనే వెనక్కి రావాలి.

గొట్టం సంగతి కూడా ఇక్కడే చూడాలి. ఎయిర్‌ఫ్లో మీటరు దాటాక లోపలికి దూరే గాలి లెక్కలోకి రాదు, దానికి తగ్గ పెట్రోలు పడదు. రబ్బరు గొట్టం మడతల్లో, కింది వైపున, పైకి కనబడని పగుళ్ళు వస్తాయి. గొట్టం తీసి, చేత్తో సాగదీసి, వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ సరిగ్గా కూర్చోకపోయినా, ఆయిల్ మూత రబ్బరు ఎండిపోయినా ఇదే జబ్బు. ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి చూడండి: ఇంజిన్ తడబడాలి. తేడా ఏమీ లేదంటే ఎక్కడో ఇప్పటికే గాలి దూరుతోంది.

థ్రాటిల్ సెన్సార్ గురించి రెండు ముక్కలు. 1.6 మాన్యువల్ గేర్ బండిలో ఇది నిజానికి రెండు కాంటాక్టుల స్విచ్చి, ఒకటి ఐడ్లింగ్‌కి, ఒకటి పూర్తి యాక్సిలరేటర్‌కి. వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఇచ్చిన రెండు మందాల ఫీలర్ గేజ్‌లు (సందు కొలిచే సన్నని రేకులు) థ్రాటిల్ స్టాపరు దగ్గర పెట్టి చూస్తే సన్నదానితో ఐడిల్ కాంటాక్టు మూసి, మందదానితో తెరిచి ఉండాలి. పొటెన్షియోమీటరు రకం ఉన్న బండ్లలో సిగ్నల్ వైరు మీద సుమారు 0.5 వోల్టు నుంచి 4 పైచిలుకు దాకా తెగకుండా ఎక్కాలి.

కామ్ యాంగిల్ సెన్సార్

సిలిండర్ హెడ్ వెనక, క్యాబిన్ గోడకి దగ్గరగా ఉంటుంది. ఇంజిన్ ఎక్కడ తిరుగుతోందో ఈసీయూకి చెప్పేది ఇదే, కాబట్టి ఇది పోతే స్పార్కూ ఉండదు, ఇంజెక్షనూ ఉండదు. మధ్యమధ్యలో పోతే బండి వేడెక్కాక హఠాత్తుగా ఆగిపోయి, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది.

తీసేముందు సెన్సార్ బాడీ మీదా హెడ్ మీదా కలిపి ఒక గీత గియ్యండి. ఇది లేకుండా తీస్తే స్పార్కు టైమింగ్ మళ్ళీ టైమింగ్ లైటు పెట్టి సెట్ చేసుకోవాల్సిందే. 12 మిల్లీమీటర్ల బోల్టు తీసి సెన్సార్ బయటికి లాగండి, కప్లర్ అలాగే ఉంచండి. పెట్రోలు పంపు నడవకుండా చూసుకుని, తాళం ఆన్ చేసి, వేళ్ళతో షాఫ్టు తిప్పండి. ఇంజెక్టర్లు టక్ టక్ మనాలి. సిగ్నల్ వైర్ల మీద మీటరు పెడితే తిప్పినకొద్దీ సున్నాకీ 5 వోల్టులకీ మధ్య మారుతుంది. శబ్దం లేకపోతే కప్లర్‌లో 12 వోల్టులూ ఎర్తూ అందుతున్నాయో లేదో ముందు చూడండి. అవి అందుతూ సిగ్నల్ రాకపోతే సెన్సార్ మార్చాలి. చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసేదాన్ని హెయిర్ డ్రైయర్‌తో వేడి చేసి మళ్ళీ తిప్పి చూడండి.

ఎలాగూ తీశారు కాబట్టి ఓ-రింగ్ మార్చండి. ఇంజిన్ వెనకనుంచి ఆయిల్ కారి గేర్‌బాక్సు మీద పడుతుంటే క్రాంక్ సీలు పోయిందని భయపడి గేర్‌బాక్సు దించినవాళ్ళున్నారు. చాలాసార్లు కారేది ఈ చిన్న రింగు దగ్గరే.

బిగించాక టీఈఎన్, జీఎన్‌డీ కలిపి, ఇంజిన్ వేడిగా 850 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుండగా టైమింగ్ లైటు పెట్టండి. 10 డిగ్రీల గుర్తు దగ్గర రావాలి. జంపర్ పెట్టకుండా చూస్తే ఈసీయూ తనే మారుస్తూ ఉంటుంది, ఆ అంకెని నమ్మి సెట్ చేస్తే తప్పుతుంది.

ఆక్సిజన్ సెన్సార్

పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూసి ఈసీయూకి చెప్పేది ఇది. ఒక్క వైరుది. ఎర్త్ తన ఒంటి లోహం ద్వారానే తీసుకుంటుంది, కాబట్టి మొదట చెప్పిన ఎర్త్ పరీక్ష దీనికీ వర్తిస్తుంది. దీన్ని ఓమ్స్ మీద ఎప్పుడూ కొలవకండి, మీటరు పంపే కరెంటు సెన్సార్‌ని దెబ్బతీస్తుంది. వోల్టుల మీదే కొలవాలి.

ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర రెండు నిమిషాలు పట్టి ఉంచండి, సెన్సార్ 300 డిగ్రీలు దాటితేగానీ పనిచెయ్యదు. అప్పుడు సిగ్నల్ 0.1కీ 0.9 వోల్టుకీ మధ్య త్వరత్వరగా ఊగాలి. పది సెకన్లలో ఏడెనిమిది సార్లయినా 0.45 దాటి అటూ ఇటూ వెళ్ళాలి. బద్ధకంగా ఊగితే ముసలిదైంది.

0.1 దగ్గరే అంటుకుపోయిందా? సెన్సార్ పోయిందో, నిజంగానే పెట్రోలు తక్కువ పడుతోందో తేల్చుకోవాలి. ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ మీది వాక్యూమ్ గొట్టం తీసి, గొట్టం చివర వేలితో మూయండి. పెట్రోలు ఒత్తిడి పెరుగుతుంది. సిగ్నల్ 0.8 పైకి ఎక్కితే సెన్సార్ బతికే ఉంది, గాలి ఎక్కడ దూరుతోందో వెతకండి. కదలకపోతే మార్చండి.

మార్చేటప్పుడు 22 స్పానరు, ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా విప్పండి. మరలకి మాత్రమే యాంటీ-సీజ్ (మరలు పట్టెయ్యకుండా చేసే పేస్టు) రాయండి, ముక్కుకి తగలనివ్వకండి. మామూలు సిలికోన్ గ్యాస్కెట్ పేస్టు ఆవిరి, హెడ్ గ్యాస్కెట్ లీకై కాలే కూలెంటు, రెండూ కొత్త సెన్సార్‌ని కూడా చంపుతాయి.

హెడ్‌లైట్లు: బల్బు మీద నేరం మోపేముందు

ఈ బండికి 7 అంగుళాల గుండ్రటి లైట్లు. అమెరికా బండ్లలో లైటు మొత్తం ఒకే గాజు ముద్దగా ఉండే సీల్డ్ బీమ్ వచ్చింది, మిగతా చాలాచోట్ల హెచ్4 బల్బు. హెచ్4లో రెండు ఫిలమెంట్లు: బ్రైట్‌కి 60 వాట్లు, డిమ్‌కి 55.

లక్షణం చూసి దారి ఎంచుకోండి. ఒకవైపు ఒక్క ఫిలమెంటే వెలగకపోతే బల్బునో ఫ్యూజునో చూడండి. రెండువైపులా డిమ్ పోయి బ్రైట్ ఉంటే డిమ్ స్విచ్చి లేదా రిలే. ఒకవైపు లైటు ఎర్రగా, నీరసంగా వెలుగుతూ, డిమ్ వేస్తే బ్రైట్ ఇండికేటర్ కూడా మిణుకుమంటోందంటే అది బల్బు కానేకాదు, ఆ వైపు ఎర్త్ తెగింది. ఇంటికి వెళ్ళే దారి మూసుకుపోయిన కరెంటు రెండో ఫిలమెంటు గుండా చుట్టుతిరిగి వెళ్తోంది. కొత్త బల్బు వేసినా అలాగే మిణుకుతుంది.

రెండూ సమానంగా మసగ్గా ఉంటే వోల్టేజీ కొలవండి. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో పాటు నెమ్మదిగా తగ్గదు, పడిపోతుంది. వోల్టేజీ 5 శాతం తగ్గితే వెలుగు సుమారు 16 శాతం, 10 శాతం తగ్గితే సుమారు 30 శాతం పోతుంది. 55 వాట్ల ఫిలమెంటు 4.5 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి దారిలో పావు ఓమ్ అడ్డు చాలు, ఒక వోల్టు మాయమవుతుంది.

1. ఇంజిన్ నడుస్తుండగా డిమ్ వెయ్యండి. బల్బు కప్లర్ తియ్యకుండా, వెనకనుంచి పిన్నులు దూర్చి బల్బు మీద వోల్టేజీ కొలవండి. కప్లర్ తీసి కొలిస్తే లోడు ఉండదు, అంకె అబద్ధం చెబుతుంది.

2. అదే సమయంలో బ్యాటరీ మీద కొలవండి. తేడా అర వోల్టు దాటకూడదు.

3. దాటితే రెండు ముక్కలుగా విడదీయండి. బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు ప్లస్‌కి ఎంత, బల్బు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కి ఎంత. పెద్ద అంకె ఉన్నవైపే పని.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత జపాన్ కార్లు కొన్నిట్లో హెడ్‌లైట్ స్విచ్చి ఎర్త్ వైపున ఉంటుంది. బల్బు ఉమ్మడి కాలుకి ఎప్పుడూ 12 వోల్టులు, డిమ్ బ్రైట్ స్విచ్చి కలిపేది ఎర్త్‌ని. ఇది తెలియకుండా ఉమ్మడి కాలు ఎర్తేననుకుని వైరింగ్ చేస్తే ఫ్యూజులు ఎగిరిపోతాయి. వైరింగ్ పటం చూడండి, లేదా కప్లర్ తీసి ఒక్కో కాలూ బాడీకి కొలవండి.

కప్లర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగిందా, కాళ్ళు నల్లబడ్డాయా చూడండి. ఎప్పుడో ఎవరో 90, 100 వాట్ల బల్బులు వేసిన గుర్తు అది. అలాంటి కప్లర్‌ని శుభ్రం చేసి లాభం లేదు, స్ప్రింగు బిగువు పోయి ఉంటుంది. సిరామిక్ కప్లర్ వెయ్యండి.

వైరింగే పాతబడి వోల్టేజీ పోతుంటే రిలే కిట్టే శాశ్వత మందు. డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి, 30 ఆంపియర్ల రిలేలు. ఒక్కోదానికి 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఈ బండిలో బ్యాటరీ వెనక ఉంది కాబట్టి కరెంటు బానెట్ కింది మెయిన్ ఫ్యూజు పెట్టె దగ్గర తీసుకోండి. రిలే కాళ్ళ మీద అంకెలు రాసి ఉంటాయి: 30కి కరెంటు, 87 నుంచి బల్బుకి. పాత బల్బు వైరు 86కి, 85 ఎర్త్‌కి. స్విచ్చి ఎర్త్ వైపున్న బండి అయితే 86కి ఫ్యూజు దాటొచ్చిన ప్లస్ ఇచ్చి, స్విచ్చి నుంచి వచ్చే వైరు 85కి కలపాలి. దాంట్లో బల్బు ఉమ్మడి కాలుని కూడా ఎర్త్‌కి మార్చాలి.

బల్బు మార్చడం

స్విచ్చితో లైట్లు పైకి లేపి రిట్రాక్టర్ ఫ్యూజు తియ్యండి. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేము స్క్రూలు విప్పి పక్కన పెట్టండి. లోపల లైటుని పట్టి ఉంచే లోహపు రింగు, దాని చిన్న స్క్రూలు కనబడతాయి. వాటితో పాటు స్ప్రింగు ఉన్న రెండు పెద్ద స్క్రూలుంటాయి, అవి లైటు దిశ సర్దేవి. వాటిని ముట్టుకోకండి. రింగు తీస్తే లైటు ముందుకి వస్తుంది, వెనక కప్లర్ ఊడదీయండి. హెచ్4 అయితే రబ్బరు మూత, వైరు క్లిప్పు తీసి బల్బు లాగండి.

కొత్త బల్బు గాజుని వేళ్ళతో తాకకండి. చేతి జిడ్డు అంటిన చోట క్వార్ట్జ్ ఎక్కువ వేడెక్కి ముందే పోతుంది. పొరపాటున తగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. మూడు చెవులూ గాడుల్లో సరిగ్గా కూర్చున్నాయో లేదో చూశాకే క్లిప్పు వెయ్యండి, ఒక చెవి ఎత్తుగా ఉంటే వెలుగు ఆకాశంలోకి పోతుంది. బల్బు తరచూ పోతుంటే ఛార్జింగ్ కొలవండి. వోల్టేజీ 5 శాతం పెరిగితే చాలు, బల్బు ఆయుష్షు సగమవుతుంది.

హాలోజన్ రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ బల్బు వెయ్యకండి. రిఫ్లెక్టరు గీసింది ఫలానా చోట ఫలానా పొడవు ఫిలమెంటు ఉంటుందని. ఎల్‌ఈడీ చిప్పులు ఆ చోట సరిగ్గా ఉండవు. దగ్గర్లో వెలుగు ఎక్కువగా కనబడుతుంది, దూరం చీకటిగా ఉంటుంది, ఎదుటివాడి కళ్ళు చెదురుతాయి. మంచి హెచ్4 లైటుకి 13.5 వోల్టులు అందించడం దీనికన్నా ఎంతో మేలు.

జపాన్ నుంచి తెచ్చిన బండిని కుడివైపు నడిచే దేశంలో వాడుతుంటే మరో సమస్య. డిమ్ వెలుగు రోడ్డు అంచు వైపు కాస్త పైకి లేచేలా అద్దాన్ని చేస్తారు. జపాన్ లైటు ఎడమకి లేపుతుంది, అంటే ఎదుటివాడి మొహం మీదికి. బల్బు మార్చినా, స్క్రూలు తిప్పినా ఇది పోదు, లైటే మార్చాలి. 7 అంగుళాల గుండ్రటి లైట్లు రెండు రకాలూ దొరుకుతాయి. వృత్తంలో ఇంగ్లీషు E అక్షరం ముద్ర ఉన్న అద్దాలకి ఎదురుగా నిలబడి చూడండి: కుడివైపు బాణం ఉంటే ఎడమవైపు నడిచే దేశాలకి, బాణం లేకపోతే కుడివైపు నడిచే దేశాలకి.

లైటు లేవకపోతే, దిశ సర్దాలంటే

ఒకటి లేచి ఒకటి లేవకపోతే, లేవనిదాని మోటారు కప్లర్‌లో స్విచ్చి నొక్కినప్పుడు 12 వోల్టులు వస్తున్నాయేమో చూడండి. వస్తుంటే మోటారు లోపలి కాంటాక్టు పలక మీద గ్రీజు గట్టిపడి ఉంటుంది. విప్పి, తుడిచి, కొత్త గ్రీజు రాస్తే చాలాసార్లు లేస్తుంది. రెండూ లేవకపోతే ఫ్యూజు, తర్వాత రిలే. దారిలో ఇరుక్కుంటే ఫ్యూజు తీసి, మోటారు మీది రబ్బరు మూత ఎత్తి, కింద ఉన్న నాబ్‌ని బాణం గుర్తు వైపు తిప్పితే చేత్తో లేపవచ్చు.

దిశ సర్దడానికి టైర్లలో గాలి సరిచేసి, ట్యాంకు సగం ఉంచి, డ్రైవరు సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టండి. సమతలం మీద గోడకి 10 మీటర్ల దూరంలో బండి నిలపండి. లైటు మధ్య నేల నుంచి ఎంత ఎత్తుందో గోడ మీద గీత గీసి, దానికి 10 సెంటీమీటర్ల కింద ఇంకో గీత గియ్యండి. ఒక లైటుకి గుడ్డ కప్పి, రెండోదాని డిమ్ వెలుగు పై అంచు కింది గీతకి వచ్చేలా నిలువు స్క్రూ తిప్పండి. తర్వాత రెండోది.

అయ్యాక ఫ్యూజు పెట్టి లైట్లు మూడుసార్లు దించి లేపి మళ్ళీ గోడ చూడండి. అంచు ప్రతిసారీ వేరే చోట ఆగుతుంటే స్క్రూలు తిప్పి లాభం లేదు. మోటారు నుంచి లైటుకి వెళ్ళే చేతి కీళ్ళలో ప్లాస్టిక్ బుష్‌లు అరిగాయి. లైటుని చేత్తో పట్టి ఊపితే ఆ ఆట తెలుస్తుంది. బుష్‌లు మార్చాకే దిశ సర్దండి.